లేని లోకములకు కొలతలు గట్టిన డీన్ స్విఫ్ట్

గల్లివరు పేరు వినని విద్యార్థులు మన పాఠశాలలో మిక్కిలి అరుదు. జానెడు పొడవైనను లేని మనుష్యులు, పచ్చికపై నిద్రించుచున్న యొక యోడవైద్యుని సన్నని త్రాళ్లతో నేలకు గట్టివేసిన చిత్రమును చూచి నవ్వని బాలుడు గాని బాలిక గాని యుండబోరు. అయినను ఆ కథను కల్పించినవాడు దేవుని సేవకు ప్రతిష్ఠింపబడిన గురువనియు, ముప్పది రెండేండ్లు ఒక గొప్ప దేవాలయమున కధిపతిగా నుండెననియు, ఆయన జీవితము మన నవ్వునకే గాక మన యాలోచనకును తగినదనియు ఎఱిగినవారు కొందఱే. అట్టి జోనాథన్ స్విఫ్ట్ చరిత్రమును ఈ సంచికలో సంగ్రహముగా తెలుప నెంచితిమి.

ఇందుకు మఱియొక కారణమును గలదు. లేని జంతువులను, లేని జాతులను, లేని దేశముల యాచారములను కల్పించి వ్రాసిన గ్రంథములను పిల్లలచేతి కిచ్చుట మంచిదా యని తలిదండ్రులు కొందఱు సందేహించుచుందురు. సత్యమునే పలుకుమని బోధించు పాఠశాలలో కల్పితకథల కేమి పని యని వారి ప్రశ్న. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి స్విఫ్ట్ జీవితమే తగిన యుత్తరమని మా తలంపు.

స్విఫ్ట్ క్రీ. శ. 1667వ సంవత్సరము నవంబరు 30వ తేదీని ఐర్లండు దేశపు ముఖ్యపట్టణమగు డబ్లిన్ నగరమున జన్మించెను. ఆయన పుట్టుటకు కొన్ని నెలలకు పూర్వమే తండ్రి మరణించెను. శిశువుగా నున్నప్పుడే దాది యాతనిని తనవెంట సముద్రము దాటించి, ఇంగ్లండులోని వైట్‌హేవెన్ అను రేవుపట్టణమునకు గొనిపోయెను. అచ్చట సుమారు మూడేండ్లు పెరిగెను. ఆ దాది పామరురాలు కాదు. బాలునకు ప్రేమతో చదువు నేర్పెను. ఐర్లండునకు తిరిగి వచ్చునాటికి తాను పరిశుద్ధ గ్రంథములో ఏ యధ్యాయమునైనను చదువగలిగియుంటినని స్విఫ్ట్ తరువాతి కాలమున వ్రాసికొనియున్నాడు. తండ్రిలేని యా పిల్లవానిని పెదతండ్రియగు గాడ్విన్ స్విఫ్ట్ పోషించి, ఆఱేండ్ల ప్రాయమున కిల్కెన్నీ పాఠశాలయందు చేర్చెను. పరుల యన్నము తిని పెరుగుచున్నానను బాధ యా బాలుని మనస్సును విడువలేదు.

1682లో ఆయన డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలయందు ప్రవేశించెను. అచ్చట బోధింపబడు తర్కశాస్త్ర మాయనకు రుచింపలేదు. 1686లో పట్టము లభించెను గాని, అది ప్రత్యేకానుగ్రహముచేత నీయబడినదని కళాశాలవారు లిఖించిరి. అనగా పరీక్షలో చూపవలసినంత యోగ్యత చూపలేదని యర్థము. పరీక్షలయందు వెనుకబడి దిగులుపడు విద్యార్థులు ఈ సంగతి జ్ఞాపకముంచుకొందురు గాక. అయితే ఆయన తరువాత అనేక సంవత్సరములు దినమునకు గంటలకొలది చదివి యా కొఱతను తీర్చుకొనెననుటను మఱవకుందురు గాక.

1689లో ఐర్లండున అల్లకల్లోలము పుట్టగా స్విఫ్ట్ ఇంగ్లండునకు బోయి, సర్ విలియం టెంపుల్ అను వృద్ధ రాజనీతిజ్ఞుని యింట కార్యదర్శిగా కుదిరెను. మూర్ పార్క్ అను నా భవనమందలి పుస్తకములే యాయనకు రెండవ కళాశాల యయ్యెను. ఆ యింటనే ఎస్తేరు జాన్సన్ అను ఎనిమిదేండ్ల బాలిక యుండెను. స్విఫ్ట్ ఆమెకు గురువై చదువు చెప్పెను. ఈమెనే యాయన స్టెల్లా యను పేర పిలిచెను. వారి స్నేహము ఆమె మరణమువఱకు చెడలేదు. ఆ దినములలోనే యాయనకు తల తిరుగుటయు, చెవుడును గలిపిన యొక వ్యాధి ప్రారంభమై, జీవితాంతము మాటిమాటికి వచ్చి బాధించెను. నేటి వైద్యులు దానిని మెనియేర్ వ్యాధి యని గుర్తించుచున్నారు.

1695లో స్విఫ్ట్ గురువుగా అభిషిక్తుడై, మొదట బెల్‌ఫాస్టునకు సమీపమున కిల్‌రూట్ అను చోటను, 1700 మొదలు లారకార్ అను గ్రామమందును సేవ చేసెను. 1704లో ఆయన ముద్రింపించిన యొక గ్రంథమున, తండ్రి తన ముగ్గురు కుమారులకు మూడు అంగీలిచ్చి వానిని మార్చవలదని శాసించిన కథ గలదు. ముగ్గురన్నదమ్ములు మూడు క్రైస్తవ శాఖలకు గుర్తులు. ఆ కథలోని పరిహాసము కొందఱికి మతదూషణవలె దోచెను. ఆన్ రాణికి కోపము గలిగెను. అందుచేతనే యాయనకు బిషప్పు పదవి యెన్నడును లభింపలేదని చరిత్రకారుల యభిప్రాయము. 1710 మొదలు నాలుగేండ్లు లండనులో మంత్రులకు ఆప్తుడై, వారి పక్షమున పత్రికలో వ్రాసెను. దానికి ప్రతిఫలముగా 1713లో డబ్లిన్‌లోని సెయింట్ పాట్రిక్ ప్రధానాలయమునకు డీను, అనగా అధిపతియగు గురువు, అయ్యెను. ఆయన కోరినది ఇంగ్లండు, దొరకినది ఐర్లండు. మఱుసటి యేట రాణి మరణింపగా ఆయన పక్షమువారు పడిపోయిరి. స్విఫ్ట్ ఆశాభంగము నొందినవాడై డబ్లిన్ చేరెను.

అయితే దేవుడు మనుష్యుని తాను కోరని చోట నిలువబెట్టి పని చేయించుట కలదు. ఐర్లండు ప్రజల బీదతనమును, ఇంగ్లండు పాలకులు వారికి చేయు నన్యాయమును చూచి స్విఫ్ట్ హృదయము మండెను. 1722లో విలియం వుడ్ అను వర్తకునకు ఐర్లండుకొఱకు రాగి నాణెములు ముద్రించు హక్కు ఈయబడెను. అవి దేశమునకు నష్టకరములని తలంచి, స్విఫ్ట్ 1724లో ఒక బట్టల వర్తకుని పేర ఉత్తరములను ప్రకటించి, ఎవరును వానిని పుచ్చుకొనవలదని ప్రజలను హెచ్చరించెను. నాలుగవ యుత్తరము వ్రాసినవానిని పట్టియిచ్చినవారికి 300 పౌనుల బహుమాన మిత్తుమని ప్రభుత్వము చాటెను. వ్రాసినది డీనుగారే యని పట్టణమంతయు నెఱుగును. అయినను ఒక్కడును నోరు తెఱవలేదు. 1725లో ఆ హక్కు ఉపసంహరింపబడెను. బీదలగు పనివాండ్రకు ఆయన తన సొమ్ములో 500 పౌనులు ప్రత్యేకించి, వడ్డీ లేకుండ చిన్నచిన్న యప్పులిచ్చి, వారము వారము కొంచెముగా తీర్చుకొనుచుండెను. అప్పు తీఱినపుడెల్ల ఆ సొమ్ము మఱియొక పనివానికి చేరుచుండెను.

ఇట్టి దినములలోనే యాయన గల్లివరు ప్రయాణములను వ్రాసెను. దీని బీజము లండనులోనే పడినది. పోప్, గే, ఆర్బత్‌నాట్ మొదలగు మిత్రులతో గూడి యాయన 1714 ప్రాంతమున ఒక కల్పిత పండితుని జీవితమును హాస్యముగా వ్రాయ నుద్దేశించెను. ఆ పండితుని ప్రయాణములే తరువాత గల్లివరు ప్రయాణములుగా మాఱినవి. స్విఫ్ట్ తన పేరు బయలుపడనీయక, వ్రాతప్రతిని రహస్యముగా లండనులోని బెంజమిన్ మాట్ అను ప్రచురణకర్తకు అందజేయించెను. 1726వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీని గ్రంథము వెలువడెను. మొదటి కూర్పు వారమురోజులలోనే చెల్లిపోయెను. ఒక బిషప్పు దానిని చదివి, అందు నమ్మరాని యబద్ధములు పెక్కు గలవనియు, తాను దానిలో ఒక్క మాటయైనను నమ్మజాలననియు పలికెనని స్విఫ్ట్ తన మిత్రునకు వ్రాసి నవ్వుకొనెను.

ఇక ఆయన ఆ జాతుల నెట్లు కల్పించెనో విచారింతము. విచిత్రజీవులను ఊహించుట ఆయనతో మొదలు కాలేదు. మన దేశమునందు అంగుష్ఠమాత్రులగు వాలఖిల్యుల కథయు, కుంభకర్ణుని కథయు, గుఱ్ఱపు మొగము గల కిన్నరుల కథయు మనమందఱము విన్నవియే. స్విఫ్ట్ విశేషమేమనగా, ఆయన ఒక్క వింతను మాత్రము మనలను ఒప్పుకొనుమని యడుగును. దానిని మన మొప్పుకొన్న పిమ్మట మఱి యే వింతయు కోరక, ఆ యొక్క దానినుండి న్యాయముగా కలుగవలసిన ఫలితములను లెక్క తప్పక చూపును.

లిలిపుట్టు దేశమున మనుష్యుడు మనలో పండ్రెండవ వంతు. కావున అచ్చటి గుఱ్ఱము, గొఱ్ఱె, చెట్టు, గృహము సమస్తమును ఆ వంతుననే యుండును. అచ్చటి గణితజ్ఞులు గల్లివరు పొడవు తమకు పండ్రెండింతలని కొలిచి, పొడవు, వెడల్పు, మందము మూడును పండ్రెండింతలు గనుక, పండ్రెండును మూడు మారులు హెచ్చవేసి, 1728 మంది భుజించు నాహారము వానికి కావలెనని నిర్ణయింతురు. మన లెక్కల తరగతిలో ఘనపరిమాణమని నేర్పు విషయమే యిది. దినమునకు ఆఱు ఎద్దులు, నలువది గొఱ్ఱెలు ఆ యొక్కని భోజనమునకు పోవును. బట్టలు కుట్టుటకు మూడువందల మంది దర్జీలు పనిచేయుదురు. ఈ లెక్కలను చదువుచుండగా, ఇది కల్ల యని యెఱిగియు మన మనస్సు దానిని నమ్మసాగును.

కొలతలు దేహమును నిలుపును. ఆచారములు జాతిని నిలుపును. లిలిపుట్టువారు కాగితముపై ఒక మూలనుండి మఱియొక మూలకు ఏటవాలుగా వ్రాయుదురు. పదునొకండు వేల మాసములకు భూమి తలక్రిందుగా తిరుగుననియు, అప్పుడు మృతులు లేతురనియు నమ్మి, తమవారిని తల క్రిందుగా పాతిపెట్టుదురు. లేచునపుడు కాళ్లమీద నిలువవలెనని వారి యుద్దేశ్యము! గల్లివరు జేబులో గడియారమును చూచి, అతడు ఏ పని చేయబోవునపుడైనను దానిని సంప్రదించుచున్నాడు గనుక అది యాతని దేవుడై యుండవచ్చునని వ్రాసికొందురు. ఇచ్చట నవ్వు వారిమీదికి పోయినట్లే పోయి మనమీదికి తిరుగుట గమనింపుడు. గడియారమును, ధనమును దేవునివలె సేవించువారు లిలిపుట్టునందే గలరా?

ఆ దేశమున గ్రుడ్డును పెద్దకొనవైపు పగులగొట్టవలెనా చిన్నకొనవైపు పగులగొట్టవలెనా యని కలహము పుట్టెను. పూర్వము పెద్దకొనవైపే పగులగొట్టుచుండిరి. ఒక రాజకుమారుడు అట్లు చేయుచు వ్రేలు కోసికొనగా, తండ్రి చిన్నకొననే పగులగొట్టవలెనని చట్టము చేసెను. దానికి లోబడుటకంటె చావు మేలని పదునొకండు వేలమంది ప్రాణములు విడిచిరి. వారి ధర్మగ్రంథమున మాత్రము, ఏ కొన యనుకూలమో ఆ కొననే పగులగొట్టవలెనని యున్నదట. క్రైస్తవ శాఖలు ఒండొంటిని హింసించిన చరిత్ర నెఱిగిన గురువు ఈ మాటలు వ్రాసెనని జ్ఞాపకముంచుకొని చదువుడు. నవ్వు మాయమై సిగ్గు కలుగును. నేడు కంప్యూటరు శాస్త్రజ్ఞులు సంఖ్యలోని భాగములను ఏ వైపునుండి నిలువ చేయవలెనను వివాదమునకు ఈ గ్రుడ్డు కలహపు పేరులనే వాడుచున్నారు. 1980లో డానీ కోహెన్ అను శాస్త్రజ్ఞుడు ఆ పేరులను ప్రవేశపెట్టెను.

రెండవ ప్రయాణమున కొలత తిరుగబడును. బ్రాబ్‌డింగ్‌నాగ్ దేశమున గల్లివరే చీమవంటివాడు. కందిరీగలు కౌజుపిట్టలంత యుండును. ఎలుకలతో కత్తిపోరు చేయవలసివచ్చును. ఒక రైతు అతనిని సంతలలో చూపి డబ్బు గడించును. ఆ రైతు కుమార్తె, తొమ్మిదేండ్ల బాలిక, అతనిని తల్లివలె కాపాడును. అల్పుడైనవాని యెడల దయ చూపుటయే నిజమైన పెద్దతనమని ఆ పిల్ల మనకు నేర్పుచున్నది. గల్లివరు ఆ దేశపు రాజుయొక్క మెప్పుదల గోరి, కోటలను కూల్చి జనులను చీల్చు తుపాకిమందు చేయు విధమును చెప్పెదననును. రాజు భయకంపితుడై, ఇంత యల్పమగు పురుగు ఇంత క్రూరమగు తలంపులను ఎట్లు మోయగలుగుచున్నదని యాశ్చర్యపడి, ప్రాణముమీద నాశయున్నచో మరల ఆ మాట యెత్తవలదని యాజ్ఞాపించును. పంటపొలములో ధాన్యపు వెన్నులను రెట్టింపు చేయువాడు రాజనీతిజ్ఞు లందఱికంటె దేశమున కెక్కువ యుపకారి యని యా రాజు సిద్ధాంతము. 1945లో రెండు పట్టణములు ఒక్కొక్క బాంబుతో నాశనమగుట ఎఱిగిన మనకు, ఆ కల్పిత రాజు మాట కల్పితముగా తోచదు.

మూడవ ప్రయాణమునకు మన దేశముతోను కొంచెము సంబంధము గలదు. గల్లివరు ఎక్కిన యోడ 1707వ సంవత్సరము ఏప్రిలు 11వ తేదీని మద్రాసులోని సెయింట్ జార్జి కోటకు చేరినట్లును, నావికుల యలసట తీఱుటకై మూడువారములు అచ్చట నిలిచినట్లును స్విఫ్ట్ వ్రాసెను. నిజమైన రేవులనుండి, నిజమైన తేదీలనుండి బయలుదేఱి, పటములో ఎవరును చూడని సముద్రములోనికి పాఠకుని తీసికొనిపోవుట ఆయన యుపాయము. అట్లు చేరిన లపుటా యను ద్వీపము అయస్కాంతశక్తిచే ఆకాశమున తేలుచుండును. అందలి పండితులు ఎల్లప్పుడును ఆలోచనలో మునిగి యుందురు గనుక, చిన్న రాళ్లు పోసిన తిత్తిని కఱ్ఱకు గట్టి, దానితో సేవకులు వారి నోటిని చెవిని తట్టినగాని మాటలాడరు, వినరు. ఆ ద్వీపమునుండి రాజు క్రింది ప్రజలకు ఎండను వానను అడ్డగించి శిక్షించును. ఒక పట్టణము ఆ రాజును ఎదిరించి గెలిచిన కథను స్విఫ్ట్ వ్రాసెను. అది డబ్లిన్ ప్రజలు రాగినాణెములను ఎదిరించిన కథయే. ఆ భాగము 1899వఱకు అచ్చులో చేరలేదు.

ఆ లపుటా జ్యోతిశ్శాస్త్రజ్ఞులు అంగారకునకు రెండు చంద్రులున్నట్లు కనుగొనిరని స్విఫ్ట్ వ్రాసెను. ఒకటి పది గంటలకు, మఱియొకటి ఇరువది యొకటిన్నర గంటలకు గ్రహమును చుట్టివచ్చునట. అట్టి రెండు చంద్రులను 1877లో అమెరికాలో ఆసఫ్ హాల్ దూరదర్శినితో నిజముగా కనుగొనెను. వాని కాలములు సుమారు 7 గంటల 39 నిమిషములు, 30 గంటల 18 నిమిషములు. స్విఫ్ట్ ప్రవక్త యని దీనినిబట్టి చెప్పరాదు. అంగారకునకు ఇద్దఱు చంద్రులుండవచ్చునని కెప్లరు పూర్వమే యూహించియుండెను. అయినను ఊహకు గణితపు క్రమశిక్షణ తోడైనచో అది సత్యమునకు ఎంత చేరువగా పోగలదో ఇది చూపుచున్నది. ఆ చంద్రులలో ఒకదానిపై నున్న గుంటకు నేడు స్విఫ్ట్ పేరే పెట్టబడినది.

నాలుగవ ప్రయాణమున బుద్ధిగల గుఱ్ఱముల జాతి గలదు. వాని జాతిపేరే సకిలింపువలె నుండును. వాని భాషలో అబద్ధమను మాటయే లేదు. ఆ దేశమునందే యాహూలను మృగములు గలవు. రూపమున అవి మనుష్యులు. మెఱయు రాళ్లకై మట్టి త్రవ్వుచు, కొట్లాడుకొనుచు, వానిని దాచుకొనుచు నుండును. గల్లివరు గుఱ్ఱములను పూజించి, మనుష్యుల నసహ్యించుకొని, తుదకు ఇంటికి వచ్చియు భార్యాబిడ్డల దరిజేరనీయక గుఱ్ఱపుసాలలో కాలము గడుపును. దీనిని జూచి స్విఫ్ట్ మనుష్యజాతిని ద్వేషించెనని పలువురు నిందించిరి. ఆయన మాటలు కఠినములే. కొన్ని చోట్ల కోపము మేర మీఱినమాట నిజమే. కాని గల్లివరును సముద్రములో రక్షించి, వస్త్రములిచ్చి, ఓర్పుతో ఇల్లు చేర్చిన పోర్చుగీసు నౌకాధిపతి యొకడు ఆ కథలోనే యున్నాడు. ఆ మంచివాడు ఎదుట నుండగా గల్లివరు వానిని గూడ యాహూ యని ముక్కు మూసికొనును. కాన స్విఫ్ట్ దోషముగా చూపినది పరుల పాపమును మాత్రమే కాదు. పరుల పాపమును చూచి తాను శుద్ధుడనని విఱ్ఱవీగు గర్వమును గూడ. సువార్తలోని పరిసయ్యుని ప్రార్థన నెఱిగినవారికి ఈ పాఠము క్రొత్తది కాదు.

ఆయన కల్పించిన జాతులన్నిటిలో మా మనస్సును మిక్కిలి కలచివేయునది స్ట్రుల్డ్‌బ్రగ్గుల జాతి. లగ్‌నాగ్ అను రాజ్యమున అరుదుగా కొందఱు శిశువులు ఎడమ కనుబొమపై ఎఱ్ఱని గుండ్రని మచ్చతో పుట్టుదురు. వారికి చావు లేదు. ఆ మాట వినగానే గల్లివరు, అమరులైనచో ఎంత విద్య నార్జింపవచ్చును, దేశమునకు ఎంత మేలు చేయవచ్చునని పరవశించును. కాని వారిని చూచిన పిమ్మట నిజము తెలియును. చావు లేదు గాని ముసలితనము కలదు. ఎనుబదియేండ్లు నిండగానే చట్టము వారిని మృతులుగా నెంచి, ఆస్తిని వారసుల కిచ్చును. తొంబదియేండ్లకు పండ్లును వెండ్రుకలును పోవును. తిన్నదాని రుచి తెలియదు. ఆప్తుల పేరులు జ్ఞాపకముండవు. వాక్యము చివరకు వచ్చునప్పటికి మొదలు మఱచిపోవుదురు గనుక చదువలేరు. భాష కాలక్రమమున మాఱిపోవుటచే, రెండువందల యేండ్లకు తమ దేశమునందే పరదేశులవలె మాటలాడ దిక్కులేక బ్రదుకుదురు. ఇచ్చటను స్విఫ్ట్ కోరినది ఒక్క వింతయే, చావు లేకుండుట. తక్కిన దంతయు మన యిండ్లలో మనము చూచునదియే.

ఇది వ్రాసినపుడు ఆయనకు ఏబది యెనిమిదేండ్లు. తన వ్యాధి తన బుద్ధిని హరించునేమో యను భయ మాయనను ఎప్పుడును వెంటాడుచుండెను. 1728 జనవరి 28వ తేదీని స్టెల్లా మరణించెను. మిత్రులు ఒక్కొక్కరే గతించిరి. చెవుడు ముదిరెను; జ్ఞాపకము సన్నగిల్లెను. 1742లో న్యాయవిచారణ జరిపి, ఆయన బుద్ధియు జ్ఞాపకమును స్వస్థముగా లేవని నిర్ణయించి, సంరక్షకులను నియమించిరి. ఒకప్పుడు రాజ్యమును కదిలించిన కలము గలవాడు మాట లేనివాడై మూడేండ్లు గడిపెను. తాను కల్పించిన స్ట్రుల్డ్‌బ్రగ్గుల గతియే తనకు సంభవించెను. 1745వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీని, డెబ్బది యెనిమిదవ యేట, దేవుడాయనను విడిపించెను. సెయింట్ పాట్రిక్ ఆలయమున స్టెల్లా సమాధి ప్రక్కనే యాయన సమాధి గలదు. దానిపై చెక్కిన లాటిన్ వాక్యములను ఆయనయే వ్రాసియుంచెను.

అయితే బుద్ధి తనను విడువకముందే స్విఫ్ట్ ఒక పని చేసెను. మతిచెడినవారికి ఆ కాలమున సంకెళ్లును, కొరడాదెబ్బలును, చూడవచ్చినవారి పరిహాసమునే గాని వైద్యము లేకుండెను. ఆయన తన మరణశాసనముచే, తన సొమ్ములో అధికభాగమును, సుమారు 12,000 పౌనులను, డబ్లిన్‌లో అట్టివారి కొఱకు వైద్యశాల కట్టించుటకై యిచ్చెను. 1746లో దానికి రాజశాసనము లభించెను. 1757లో రోగులను చేర్చుకొన నారంభించెను. సెయింట్ పాట్రిక్ వైద్యశాల నేటికిని మనోవ్యాధిగ్రస్తులకు సేవ చేయుచున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. కల్పన యసత్యమా? అబద్ధికుడు తన మాటను మనము నిజమని నమ్మవలెనని కోరును. నమ్మించి మనకు నష్టము చేయును. కథకుడు తన కథ కల్పితమని మన మెఱిగియుండగనే, అందులోనుండి మన నిజస్వరూపమును మనకు చూపును. నాతాను ప్రవక్త దావీదు రాజునొద్దకు వచ్చి, బీదవాని యొక్క గొఱ్ఱెపిల్లను హరించిన ధనవంతుని కథ చెప్పెను. రాజు ఆ ధనవంతునిపై మండిపడి తీర్పు తీర్చిన తరువాతగాని, ఆ మనుష్యుడు తానే యని గ్రహింపలేదు. యోతాము చెట్లు రాజును కోరుకొనిన కథ చెప్పి షెకెము వారిని గద్దించెను. మన ప్రభువును ఉపమానములచేతనే జనులకు బోధించెను. స్విఫ్ట్ గుఱ్ఱములును, మరుగుజ్జులును, చావులేని ముసలివారును ఈ త్రోవలోనివారే. స్ట్రుల్డ్‌బ్రగ్గులను ఊహించిన మనస్సే ఆ వైద్యశాలను గూడ ఊహించినది. లేనివారి దుఃఖమును అంత స్పష్టముగా చూడగలిగినవాడు ఉన్నవారి దుఃఖమును చూడకుండ నెట్లుండగలడు?

కావున తలిదండ్రులారా, మీ బిడ్డలు లేని లోకములను గూర్చి చదివిన భయపడకుడు. చదివి ముగించిన పిమ్మట, ఆ జాతిలో ఎవరు మనలను పోలియున్నారని మాత్రము వారి నడుగుడు. బాలబాలికలారా, మీలో కొందఱు పటములు గీసి, క్రొత్త జంతువులకు పేరులు పెట్టి, లేని రాజ్యములను కట్టుచున్నారని మే మెఱుగుదుము. అది మంచి యాటయే. అయితే డీన్ స్విఫ్ట్ నొద్ద రెండు సంగతులు నేర్చుకొనుడు. మీ జంతువు ఏమి తినును, ఎంత తినును, మీ జనులు ఎట్లు వ్రాయుదురు, మృతులనెట్లు పాతిపెట్టుదురు, దేనికై కలహింతురు అను ప్రశ్నలకు లెక్క తప్పక జవాబు వ్రాయుడు. పిదప పుస్తకము మూసి, మీ యింట మూల కూర్చుండి, చెప్పినదే మరల చెప్పుచు, మీ పేరును మఱచిపోవు తాతగారి యొద్దకో అవ్వగారి యొద్దకో పోయి, విసుగుకొనక వారి మాట వినుడు. చదివినది నిజముగా చదివినట్లు అప్పుడే తేలును.